కళ్ళెదుటి కొలత: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు సీమల్లో పంపకాల చరిత్ర

గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ పల్లంగా మిగిలిపోయిన కొల్లేరు, దానికి ఉత్తరాన మెరక మీద నిలిచిన ఏలూరు, ఏలూరు కాలువ వెంట పెరిగిన తాడేపల్లిగూడెం కలిసిన ఈ సీమలో న్యాయం అనేది చాలాకాలం కోర్టు మెట్ల దగ్గర తేలే వ్యవహారం కాదు. కళ్ళంలో ధాన్యపు రాశి దగ్గర, కాలువ తూము దగ్గర, సరస్సు ఒడ్డున చేపల పోగుల దగ్గర నలుగురూ కలిసి తేల్చుకోవలసిన రోజువారీ పని. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే వరదతో కొల్లేరు ఉబ్బి, వేసవిలో వెనక్కి తగ్గి, ఏటా తన అంచును తానే మార్చుకుంటుంది కాబట్టి నిన్న నీళ్ళున్న చోట నేడు పొలం తేలడం, నేడు పొలమున్న చోట రేపు దోనె తిరగడం ఇక్కడ మామూలు. స్థిరమైన హద్దు లేని చోట ఎవరి వంతు ఎంత అన్న ప్రశ్నకు ఒక్కసారి జవాబు చెప్పి ఊరుకోవడం కుదరదు. ఈ సీమ చరిత్రను పంపకాల వైపు నుంచి చూస్తే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది: కొలత అందరి కళ్ళెదుట జరిగినన్నాళ్ళు పంపకం ఏదో ఒక మేరకు నిలబడింది, కొలత చాటుకు పోయినప్పుడల్లా, లేదా చుట్టూ నిలబడి చూసే హక్కు కొందరికే మిగిలినప్పుడల్లా, అది దోపిడీగా మారింది.

నలుగురినీ పిలిచి చెప్పడం అనే పద్ధతి ఇక్కడ ఎంత పాతదో రాగిరేకులు చెబుతాయి. ఏలూరుకు ఉత్తరాన ఉన్న నేటి పెదవేగి ఒకనాటి వేంగి. క్రీస్తుశకం నాలుగైదు శతాబ్దాల్లో అక్కడి నుంచి ఏలిన శాలంకాయన రాజులు భూమిని దానమిచ్చినప్పుడు ఆ ఆజ్ఞను ‘ముతుడ’ అనే గ్రామాధికారి మొదలుగా గల గ్రామస్థులను ఉద్దేశించి వెలువరించేవారు, కొల్లేరులో దొరికిన శాసనంలోనూ పెదవేగి శాసనంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. వారి తరువాత వచ్చిన తూర్పు చాళుక్యుల శాసనాల్లో రాష్ట్రకూట ప్రముఖులను, కుటుంబులను, అంటే ఊరి పెద్దలను, సేద్యం చేసుకునే గృహస్థులను పిలిపించి రాజు ఆజ్ఞాపించినట్టు రాయడం రివాజయింది. ఇచ్చేవాడు రాజు, పుచ్చుకునేవాడు ఎక్కువగా బ్రాహ్మణుడు, దున్నేవాడికి ఆ లావాదేవీలో చెప్పుకోదగ్గ మాట లేదు. అయినా ఫలానా పొలం ఫలానావారికి పోయిందన్న సంగతి దున్నేవాడి చెవిన పడకుండా చెల్లుబాటు కాదన్న భావన ఆ ఆనవాయితీలో ఉంది. దాన్ని సమానత్వం అనుకోవడం పొరపాటే అవుతుంది గాని, రాజశాసనానికి సైతం ఊరి సాక్ష్యం కావలసివచ్చిందన్నది గమనించదగ్గ విషయం.

ఆ సాక్ష్యం నిత్యజీవితంలో పనిచేసిన చోటు కళ్ళం, అంటే కుప్ప నూర్చి ధాన్యం రాశి పోసే నేల. కాటాలు రాకముందు ధాన్యాన్ని తూచేవారు కాదు, కొలిచేవారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి అన్న లెక్క ఆడామగా అందరికీ నోటికి వచ్చి ఉండేది. తూర్పారబట్టిన ధాన్యాన్ని కొలిచేవాడు కుంచంతో ముంచి, అంచుకు పైనున్న గింజలను చేత్తో తలకొట్టి, లెక్కను రాగం తీసినట్టు బిగ్గరగా చెబుతూ గోనెలోకి ఒంపేవాడు. మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని పిలిచి రెండో కుంచం నుంచి అంకెలు అందుకునేవాడు. గట్టిగా చెప్పడం శుభం కోసమే కాదు. చదువు రాని పాలేరు, చూపు ఆనని ముసలి రైతు, రాశికి అవతల పక్క నిలబడిన కౌలుదారు, వీరందరూ లెక్కను చెవితో పట్టుకోవచ్చు, తప్పు పోతే అక్కడికక్కడే ఆపవచ్చు. ఒకసారి గోనె మూతి కుట్టి బండికెత్తాక ఆ అవకాశం ఉండదు.

రాశి ఇంటికి చేరకముందే అందులోంచి వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి వంటి వృత్తుల వారికి మేరలు పోయేవి. మేర అంటే ఏడాది పొడుగునా చేసిన పనికి పంట మీద దక్కే నిర్ణీతమైన ధాన్యపు వంతు. నాగలి చెక్కినందుకు అప్పటికప్పుడు కూలి ఉండేది కాదు, పంట వచ్చిన రోజున వడ్రంగి కళ్ళం దగ్గరికి వెళ్ళి తన కుంచాలు తాను కొలిపించుకునేవాడు. ఈ ఏర్పాటును గ్రామజీవితపు సామరస్యంగా వర్ణించే రచనలు చాలా ఉన్నాయి, కాని అందులో సగమే నిజం. పంట పోయిన ఏడు రైతుతోపాటు మంగలికీ పోయేది కాబట్టి నష్టం పంచుకోవడం అందులో ఉంది; ఐతే ఎవరి మేర ఎంతన్నది కులాన్ని బట్టి ముందే తేలిపోయేది, మాల మాదిగల వంతు చాలాచోట్ల కళ్ళం ఊడ్చిన గింజల దగ్గర, తాలు దగ్గర ఆగిపోయేది, వాళ్ళు రాశిని తాకే వీలు లేదు, కొలతను దగ్గరికి వచ్చి చూసే వీలూ లేదు. అందరి కళ్ళెదుట జరిగిందని చెప్పుకునే కొలతలో ఆ ‘అందరూ’ ఎవరన్నదే అసలు ప్రశ్న.

కుంచం అన్నిచోట్లా ఒకే పరిమాణంలో ఉండేది కాదు. ఊరికో కుంచం, ఒక్కోచోట దివాణానికి వేరే కుంచం ఉండడంతో అప్పు ధాన్యం ఇచ్చేటప్పుడు చిన్న కుంచంతో తలకొట్టి ఇచ్చి, తిరిగి పుచ్చుకునేటప్పుడు పెద్ద కుంచంతో గోపురంలా పోయించుకుంటున్నారన్న ఫిర్యాదు తెలుగు పల్లెల్లో తరతరాలుగా వినబడినదే. 1802లో వచ్చిన శాశ్వత పరిష్కారం, అంటే కుంపిణీ ప్రభుత్వం జమీందారుతో మార్చడానికి వీల్లేని పేష్కషు ఖాయం చేసుకుని రైతును జమీందారుకు వదిలేసిన ఏర్పాటు, ఈ కొలత మీద మిగిలిన కాస్త అదుపునూ సడలించింది, ఎందుకంటే సర్కారుకు కట్టవలసినది స్థిరపడింది గాని రైతు దగ్గర వసూలు చేసేదానికి లెక్క చూసేవాడు లేడు. 1908లో మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం వచ్చేదాకా, వచ్చాక కూడా, నూజివీడు, చల్లపల్లి వంటి జమీల రైతులు శిస్తు మీద, నజరానాల మీద, వెట్టి మీద మొరపెట్టుకుంటూనే ఉన్నారు. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా సాగిన రైతు రక్షణ యాత్ర కోస్తా జిల్లాల పల్లెల మీదుగా ఆ మొరలు కూడగట్టుకుంటూ నడిచింది, అదే కాలంలో టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం జమీ రైతుల సాక్ష్యాలను బహిరంగంగా నమోదు చేసింది. జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చింది.

జమీందారీకి, రైతువారీకి మధ్య కాలంలో ఈ డెల్టా గ్రామాల్లో నడిచిన మరొక పద్ధతి ఉంది, దాన్ని చరిత్ర పుస్తకాలు రెండు మూడు వాక్యాల్లో దాటిపోతాయి, కాని నిత్యజీవితంలో న్యాయం గురించి ఆలోచించేవారికి అంతకంటే విలువైన ఉదాహరణ ఈ సీమలో మరొకటి కనబడదు. దాని పేరు వీసబడి. వీసం అంటే పదహారో వంతు. సర్కారు ఊరు మొత్తానికి ఒక శిస్తు ఖాయం చేస్తే, ఆ మొత్తాన్ని ఎవరెవరు ఎన్ని వీసాల చొప్పున మోయాలో రైతులే కూర్చుని పంచుకునేవారు. జమీలు బాకీలు పడి ఒక్కొక్కటే సర్కారు చేతికి వచ్చిన పందొమ్మిదో శతాబ్దపు నడిమి కాలంలో గోదావరి, మచిలీపట్నం ప్రాంతాల్లో ఊరుమ్మడి శిస్తుగా ఇది సాగింది. పంచుకోవడంలో పెద్ద రైతులు భారాన్ని చిన్నవాళ్ళ మీదికి తోసే ప్రమాదం స్పష్టమే, అందుకు విరుగుడుగా సవాలు అనే కట్టుబాటు ఉండేది. తన పొలానికి ఎక్కువ శిస్తు పడిందనీ, పక్కవాడి పొలానికి తక్కువ పడిందనీ ఒక రైతు అనుకుంటే పదిమందిలో ఆ పక్కవాడిని సవాలు చేయవచ్చు. అప్పుడు ఆ పక్కవాడు పెంచిన శిస్తుకు ఒప్పుకోవాలి, లేదా ఆ శిస్తుకే పొలాన్ని సవాలు చేసినవాడికి వదిలిపెట్టాలి, సవాలు చేసినవాడు కూడా తాను చెప్పిన శిస్తుకు ఆ పొలాన్ని తీసుకు తీరాలి.

ఈ కట్టుబాటు లోపలి తర్కాన్ని కొంచెం నిదానంగా చూడాలి. ఇందులో తీర్పరి లేడు, పొలం సారాన్ని అంచనా కట్టే అధికారి లేడు, కొలబద్ద కూడా లేదు. ఫిర్యాదు చేసేవాడు తన మాటకు తానే పూచీ పడాలి, నిజంగా ఆ పొలం తక్కువ శిస్తుకు పోతున్నదైతేనే అతడు దాన్ని పైశిస్తుకు తీసుకోవడానికి సాహసిస్తాడు, ఉత్త అసూయతో సవాలు విసిరితే నష్టపోయేది అతడే. తక్కువ శిస్తుతో లాభపడుతున్న పెద్ద రైతుకు ఎప్పుడు ఎవరు లేచి నిలబడతారోనన్న జంకు ఉంటుంది కాబట్టి పంచేటప్పుడే కాస్త సర్దుకుంటాడు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దపు ఏథెన్సు నగరంలో ఆంటిడోసిస్ అనే పేరుతో దాదాపు ఇటువంటిదే ఒక ఆచారం ఉండేది: నౌకకో నాటకానికో ఖర్చు భరించమని నగరం ఒక ధనికుణ్ణి నియమిస్తే, తనకంటే ధనవంతుడు తప్పించుకున్నాడని అతడు ఆ రెండోవాడి పేరు చెప్పి, ఆ ఖర్చయినా మోయమని, లేకపోతే ఇద్దరి ఆస్తులూ మార్చుకుందామని సవాలు చేయవచ్చు. ఏథెన్సు పౌరుడికీ గోదావరి పల్లపు రైతుకూ ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలు లేదు, అయినా మధ్యవర్తి మీద నమ్మకం లేని చోట మనుషులు తమలో తాము సమానత్వాన్ని సాధించుకోవడానికి ఒకే దారి వెతుక్కున్నారు.

వీసబడిని మెచ్చుకుంటూనే దాని హద్దు చెప్పాలి. సవాలు విసరాలంటే గెలిచిన పొలం దున్నడానికి ఎడ్లు కావాలి, విత్తనం కావాలి, ఏడాది శిస్తుకు పూచీ కావాలి, ఇవేవీ లేని పేదరైతుకు సవాలు హక్కు కాగితం మీదే ఉంటుంది. పైగా బలవంతుడు ఆ కట్టుబాటునే అదనుగా తీసుకుని బాగుచేసిన పొలం మీద కన్నువేసి బక్కరైతును సవాలుతో లేవగొట్టగలడు. ఇక పాలేరు, కౌలుదారు, కూలి ఆ సభలో లేనేలేరు. 1860ల్లో రైతువారీ పద్ధతి వచ్చి పొలం పొలానికీ సర్వే చేసి, మట్టి తరగతులు కట్టి, రైతు రైతుకూ విడిగా శిస్తు వేయడంతో ఊరి సభలో సవాలు పోయింది. శిస్తు ఇంత అని ముందే తెలిసే స్థిమితం రైతుకు దక్కింది, దానితోపాటే లెక్క ఊరి లెక్కలు రాసే కరణం దస్త్రంలోకి వెళ్ళిపోయింది, చదువురానివాడు దాన్ని చూడగలిగే వీలు లేకుండా పోయింది.

కరణానికి జోడు గ్రామ మునసబు. 1816లో మద్రాసు ప్రభుత్వం చేసిన నిబంధనలు ఊరి పెద్దకు మునసబు హోదా ఇచ్చి చిన్న చిన్న బాకీ తగాదాలు విచారించే అధికారం కట్టబెట్టాయి, 1888 నాటి గ్రామ న్యాయస్థానాల చట్టం ఆ ఏర్పాటును స్థిరపరిచింది. ఏలూరు దాకా బండి కట్టుకుని, వకీలుకు ఫీజు ఇచ్చి, వాయిదాల కోసం తిరగలేని మనిషికి ఊళ్ళోనే రచ్చ దగ్గర తగాదా తీరడం గొప్ప సౌకర్యం, అదే ఆ ఏర్పాటుకు బలం. కాని 1816 నాటి నిబంధనల్లోనే ఒక దారుణమైన అంశం ఉంది. తిట్లు, చిన్న కొట్లాటల వంటి నేరాలకు పెద్దకులం వాణ్ణి చావడిలో 12 గంటలకు మించకుండా కూర్చోబెట్టవచ్చు, కింది కులాల వాణ్ణయితే ఆరు గంటల దాకా బొండలో వేయవచ్చు. బొండ అంటే కాళ్ళు దూర్చి బిగించే కంతలున్న బరువైన దుంగ. నేరం ఒకటే, శిక్ష కులాన్ని బట్టి వేరు, ఇది ఊరి దురాచారంగా కాక సర్కారు రాసిన చట్టంగా అమలైంది, ఆ నిబంధన పోవడానికి సుమారు నూరేళ్ళు పట్టింది. బొండ కూడా అందరి కళ్ళెదుటే ఉండేది; చూసే కళ్ళు ఒక్కటే న్యాయానికి హామీ కావని, చూసినవాడికి ప్రశ్నించే నోరు కూడా ఉండాలని దీన్ని మించి నిరూపించే ఉదాహరణ అక్కర్లేదు. మునసబు, కరణం పదవులు వంశపారంపర్యపు వాసన వదలకుండానే స్వాతంత్ర్యం తరువాత కూడా కొనసాగి 1984 జనవరిలో నందమూరి తారక రామారావు ప్రభుత్వం రద్దు చేయడంతో ముగిశాయి.

నీటి సంగతి వేరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే పశ్చిమ డెల్టా కాలువలు తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా నీటిని తెచ్చాయి, బెజవాడ ఆనకట్ట నుంచి వచ్చే కృష్ణా కాలువ ఏలూరులో వాటిని కలుసుకోవడంతో రెండు నదుల నీళ్ళూ పడవలూ ఒక ఊరికి చేరాయి. కరువు భయం పోయింది, దానికి బదులు ఎగువ దిగువల తగవు వచ్చింది. కాలువ తల దగ్గర పొలమున్నవాడు తూము ఎత్తుకుంటే చాలు, శివారు రైతు, అంటే కాలువ చివర ఉన్నవాడు, బోదె వైపు చూస్తూ కూర్చోవాలి. దాళ్వా, అంటే రెండో పంట కాలంలో నది సన్నబడినప్పుడు వంతులు పెట్టడం ఆనవాయితీ, లస్కరు అనే చిరుద్యోగి గట్టు వెంట తిరుగుతూ ఫలానా రోజులు ఫలానా తూముకు అని షట్టరు దించడం, ఎత్తడం చేస్తాడు. శివారు పొలాలు ముందు తడపాలి, ఆ తరువాతే ఎగువవాళ్ళు అన్న మాట ప్రతి దాళ్వాకీ వినబడుతుంది, రాత్రివేళ తూము దగ్గర కాపలా లేకపోతే ఆ మాట తెల్లారేసరికి చెల్లదు. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పరచి ఈ వంతుల బాధ్యతను రైతులకే అప్పగించాలని చూసింది. అందులో ఓటు భూమి రికార్డులో పేరున్నవాడిది, పొలం ఒకడిదీ సాగు ఇంకొకడిదీ అయిన ఈ జిల్లాల్లో తూము దగ్గర రాత్రి కాపలా కాసేది చాలాచోట్ల కౌలుదారే.

కౌలు విషయంలో చాటుకొలత అన్నిటికంటే గట్టిగా నిలిచి ఉంది. గోదావరి జిల్లాల్లో పూర్వం పాలుకు, అంటే పండినదాంట్లో వంతుకు, పొలం చేసేవారు. క్రమంగా మక్తా, అంటే పండినా ఎండినా ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసే పద్ధతి బలపడింది. పాలులో నష్టం ఇద్దరిదీ, కళ్ళంలో ఇద్దరూ నిలబడి కొలిపించుకునేవారు. మక్తాలో కళ్ళానికి రావలసిన అవసరమే యజమానికి లేదు, తుపాను నష్టమంతా కౌలుదారుదే. 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలుకు పరిమితి విధించింది, కాని ఒప్పందాలు ఎక్కువగా నోటిమాటగా ఉండడంతో ఆ పరిమితి చాలామందికి అందలేదు. 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం, 2019లో సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి, రెండో చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందన్న భయం యజమానిది, అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వడన్న భయం కౌలుదారుది.

కుంచాల గందరగోళానికి 1956 నాటి తూనికల, కొలతల ప్రమాణాల చట్టం ముగింపు పలికింది. దాని కింద 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా వచ్చి 1962 ఏప్రిల్ నాటికి తప్పనిసరి అయ్యాయి. పలం, వీశె, మణుగు, బారువా పోయి కిలో, క్వింటాలు వచ్చాయి, ఐనా డెల్టా రైతు నోట ఇప్పటికీ 75 కిలోల బస్తా లెక్కే ఆడుతుంది. ఉల్లి, బెల్లం టోకు వ్యాపారానికి పేరుపొందిన తాడేపల్లిగూడెం వంటి మార్కెట్లలో కాటా సర్కారు ముద్ర వేసినదై ఉండాలన్నది ఒక సంగతి, ధర ఎలా తేలాలన్నది మరొకటి. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకునే రహస్య బేరాన్ని 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ తప్పుబట్టింది. 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం బహిరంగ వేలాన్ని, అనుమతి పొందిన తూకందారును, చీటీని తెచ్చాయి. నేటి ధాన్యం కొనుగోళ్ళలో కాటా మీద తగవు తక్కువ, తేమ శాతం మీద ఎక్కువ. 17 శాతం దాటితే తరుగు, అంటే బస్తాకు ఇన్ని కిలోలని కోత. ఎక్కడ ఏ గుప్పెడు గింజలు తీసి పరికరంలో పోశారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది, రైతు ఒక అంకె చూసి లారీ ఎక్కించిన ధాన్యానికి మిల్లు దగ్గర ఇంకో అంకె వస్తే అక్కడ అడగడానికి అతడు ఉండడు. కళ్ళంలో ‘లాభం’ అంటూ వినిపించిన లెక్క స్థానంలో ఇవాళ తెరమీద అంకె ఉంది, రెండింటికీ కావలసింది పక్కన నిలబడే రైతే.

ఇక కొల్లేరు. లంకల మీద ఊళ్ళు కట్టుకుని, తాటి దోనెల మీద తిరుగుతూ వలలు, మావులు, గాలాలతో బతికిన వడ్డీలు సరస్సును పొలంలా గళ్ళు చేయలేరు. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బుట్టలాంటి చేపల ఉచ్చు; అది ఎవరు ఎక్కడ పెట్టాలి, ఏ ఊరి నీళ్ళు ఎక్కడి దాకా, ఎవరి వల ముందు పడాలి అన్నవి ఊరి పెద్దల సమక్షంలో కట్టుబాటుగా తేలేవి, తప్పినవాడికి తప్పు, అంటే జరిమానా, వేసేవారు, ఊరుమ్మడి నీళ్ళ మీద వచ్చిన పైకం గుడికీ బడికీ ఊరి ఖర్చులకూ పోయేది. ఉమ్మడిగా పట్టిన చేపను తూచి పంచడం కంటే పోగులు పెట్టడం ఇక్కడ తేలిక: కొర్రమీను, వాలుగ, జెల్ల, చిన్నచేప అన్నీ కలిపి వంతుకొక పోగు చొప్పున నేల మీద పరిచి, పెద్దది ఇటు చిన్నది అటు మారుస్తూ అన్నీ ఒకలాగే ఉన్నాయని చూస్తున్నవాళ్ళంతా ఒప్పుకునేదాకా సర్ది, ఆ తరువాతే ఎవరి పోగు ఎవరిదో తేలుస్తారు. తన పోగు ఏదో సర్దేవాడికి ముందుగా తెలియదు కాబట్టి ఏ పోగునూ చిన్నది చేయాలన్న బుద్ధి పుట్టదు. ఉమ్మడి వనరులను జనమే కాపాడుకోగలరని, అందుకు స్పష్టమైన హద్దు, తమలోంచే కాపలా, తప్పుకు తగ్గ చిన్న శిక్ష కావాలని ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో పుస్తకంగా రాసి 2009లో నోబెల్ బహుమతి అందుకున్నారు. కొల్లేటి లంకలకు ఆ సంగతి చాలాముందే తెలుసు. ఆ కట్టుబాటు ఒక కులానిది, ఒక ఊరిది అన్నది కూడా అంతే నిజం, గట్టున ఉన్న దళిత కూలీలకు అందులో పోగు లేదు.

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేరులో చేపల చెరువులు తవ్వించి మత్స్యకార సహకార సంఘాలకూ బలహీనవర్గాల సంఘాలకూ అప్పగించినప్పుడు ఆ లోపాన్ని కొంతవరకు సరిదిద్దే ఉద్దేశం అందులో ఉంది, సభ్యత్వం పుస్తకంలోకి ఎక్కింది, వాటా పేరు మీద వచ్చింది. కాని చెరువు సాగుకు పిల్ల, మేత, గట్లు, మోటార్లు అన్నిటికీ పెట్టుబడి కావాలి, అది సంఘం దగ్గర లేదు. బయటి పెట్టుబడిదారు వచ్చి చెరువును లీజుకు తీసుకుని ఏడాదికి ఇంతని సభ్యులకు పంచాడు, సభ్యుడు తన చెరువులో తానే కూలీ అయ్యాడు, ఎన్ని టన్నుల చేప లారీల్లో కలకత్తాకు పోయిందో ఆ లెక్క సంఘం ముందుకు రావలసిన పని లేకుండా పోయింది. లీజు సొమ్ము సమానంగా పంచేవారు, అందువల్ల పైకి న్యాయంగానే కనిపించేది. దేనిలోంచి అది వచ్చిందో ఎవరికీ కనిపించలేదు. పోగులు పెట్టిన నేల మాయమైంది.

చెరువులు పెరిగి గట్లు నీటిదారికి అడ్డుపడి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవలసిన వరద ఎగువ పొలాల మీద నిలబడి, పక్షులు తగ్గి, నీరు పాడై, చివరకు ప్రభుత్వం 1999 అక్టోబరు 4న 120వ నంబరు ఉత్తర్వుతో అయిదో కాంటూరు లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. కాంటూరు అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. 2005–06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో వేలాది ఎకరాల చెరువుల గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో పగలగొట్టారు. లీజుదారు పెట్టుబడి మరో చోటికి మళ్ళింది, సంఘ సభ్యుడికి లీజు వాటా పోయింది, గట్టు మీది కూలికి పని పోయింది. ముగ్గురి నష్టాన్నీ ఒకే పట్టికలో రాయడం ఎంత అన్యాయమో ఆ లంకల్లో నివసించేవారు చెబుతూనే వచ్చారు. అభయారణ్యం గీత లోపల దాదాపు 15 వేల ఎకరాల జిరాయితీ భూమి, అంటే పట్టా గల సొంత భూమి, ఉండిపోయింది, దాని పరిహారం మాట ప్రతి ఎన్నికలోనూ వస్తుంది. 2008లో శాసనసభ హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది, కేంద్రం వేసిన అజీజ్ సంఘం 2011లో తగ్గించవద్దని చెప్పింది.

అయిదా మూడా అన్న వాదంలో లంక గ్రామాల వారు ఎక్కువగా వినిపించే కోరిక ఒకటుంది: గీత నేల మీద ఎక్కడ పోతుందో తమ ఎదుట కొలిచి రాళ్ళు పాతమని. 1999 నాటి ఉత్తర్వు చెరువుల సాగును నిషేధించినా సంప్రదాయ చేపల వేటను నిషేధించలేదు, కాబట్టి దోనె, మావు ఉన్నవాడికి సరస్సు మీద హక్కు చట్టంలో ఇప్పటికీ ఉంది. పగలగొట్టిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి, వాటి లోపలి నీళ్ళలో ఆ హక్కు చెల్లదు, గట్టు ఎవరిదని అడగడానికి వెళ్ళిన మత్స్యకారుడికి అక్కడ కాపలావాడే కనిపిస్తాడు.